పెద్దదిక్కు

(గార్డెన్ రీచ్‌లో తెలుగు ఉపాసక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నాకిచ్చిన అంశం, చిన్న వయసులోనే ఇంటి బాధ్యతలు మోసే పిల్లల మనఃస్థితి. నేను వైద్యుణ్ణి కాను. శ్రీకాకుళం జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో చరిత్ర పాఠాలు చెబుతాను. కనుక మందులు చెప్పను. ఈ బరువు ఎక్కడి నుంచి వస్తున్నదో, నేటి పరిశోధకులు దానిలో ఏమి గమనించారో, మన ధమ్మ గ్రంథాలు ఏమంటున్నాయో నాకు తెలిసిన మేరకు విన్నవిస్తాను.

ముందుగా ఒక మాట. మన ఇళ్ళలో తండ్రి కన్నుమూసినప్పుడు పరామర్శకు వచ్చిన పెద్దలు పెద్దకొడుకును దగ్గరికి తీసుకుని, "ఇక ఈ ఇంటికి నువ్వే పెద్దదిక్కువి నాయనా, అమ్మనూ చెల్లెళ్ళనూ నువ్వే చూసుకోవాలి" అంటారు. కొడుకు లేకపోతే పెద్దకూతురితో అంటారు. ఆ బిడ్డకు 10 ఏళ్ళు ఉండవచ్చు, 12 ఉండవచ్చు. అన్నవారిలో ఒక్కరికీ దురుద్దేశం ఉండదు, ఓదార్పుగానే అంటారు. కాని ఆ బిడ్డ అప్పుడే తండ్రిని పోగొట్టుకున్నాడు. వాడికీ ఒక దిక్కు కావాలి. ఆ సంగతి ఆ గదిలో ఎవరికీ తట్టదు. వాడు ఏడుపు దిగమింగుకుంటాడు. "చూశారా, ఎంత బుద్ధిమంతుడో" అని మెచ్చుకుంటాం. ఈ మెప్పు గురించే నేను ముఖ్యంగా మాట్లాడదలచాను. 'దిక్కు' అనే మాట దగ్గరికి తరువాత మళ్ళీ వస్తాను. బౌద్ధులమైన మనం ప్రత్యేకంగా పట్టించుకోవలసిన మాట అది.

గార్డెన్ రీచ్ చరిత్ర చెప్పమంటే చాలామంది వాజిద్ అలీ షా దగ్గర మొదలుపెడతారు. అవధ్ రాజ్యం పోగొట్టుకుని 1856లో ఆయన ఇక్కడికి వచ్చాడు. మటియాబుర్జ్‌లో చిన్న లక్నోను నిర్మించుకుని 1887లో గతించాడు. సరిగ్గా ఆ 1887లోనే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఏర్పడింది. మన తెలుగువారికి సంబంధించిన గార్డెన్ రీచ్ కథ, నా దృష్టిలో, ఆ కంపెనీతోనే ప్రారంభమవుతుంది. దాని ప్రధాన కార్యాలయం ఇక్కడే వెలసింది. 1955లో అదే ఆగ్నేయ రైల్వే అయింది. 2003లో తూర్పు కోస్తా రైల్వేకు మారేవరకు మా వాల్తేరు డివిజన్ ఈ కార్యాలయం అధీనంలోనే ఉండేది. అందుచేత మా వైపు రైల్వే కుటుంబాల్లో గార్డెన్ రీచ్ అంటే ఒక పేట పేరని చాలామందికి తెలియదు. అది పై ఆఫీసు పేరు. బదిలీ అయినా, ప్రమోషన్ అయినా గార్డెన్ రీచ్ నుంచి ఆర్డరు రావాలి అనేవారు.

అదే రైలు మార్గం గంజాం, విశాఖపట్నం జిల్లాల పేదలను హుగ్లీ తీరపు జూట్ మిల్లులకు చేరవేసింది. మా ఊళ్ళలో ముసలివాళ్ళ లెక్కలో పూర్వీకులు రెండు రకాలు: రంగం పోయినవారు, కలకత్తా పోయినవారు. కలకత్తా మిల్లుల్లో పెద్దలతోపాటు పిల్లలూ పనిచేసేవారు. వారిని సగం పూట కూలీలనేవారు. చట్టాలు చూడండి. 1881 చట్టం 7 ఏళ్ళు నిండని పిల్లలను పనిలో పెట్టుకోరాదన్నది. అంటే 7 నిండినవాడు రోజుకు 9 గంటలు పనిచేయవచ్చు. 1891లో కనీస వయసు 9 ఏళ్ళు, పని 7 గంటలు అయింది. 1922 నాటికి 12 ఏళ్ళు, 6 గంటలు. స్వతంత్రం వచ్చాక 1948 చట్టంతో 14 ఏళ్ళకు చేరాం. నాలుగు అంకెల నడుమ 67 ఏళ్ళు గడిచిపోయాయి.

ఈ అంకెలు తరగతిలో చెప్పినప్పుడు విద్యార్థులు నిట్టూరుస్తారు. నాకు మాత్రం వేరొకటి కనిపిస్తుంది. ఈ చట్టాలన్నీ యంత్రం ముందు గడిపిన గంటలను లెక్కపెట్టాయి. ఇంట్లో మోసే బరువును లెక్కపెట్టే గడియారం ఏ చట్టానికీ లేదు. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ సైతం, ప్రమాదకరం కాని పనుల్లో, బడి వేళల తరువాత సొంత కుటుంబానికి సాయపడే బిడ్డను నిషేధం నుంచి మినహాయించింది. దర్జీ పని ఇళ్ళలోనే సాగే ఈ మటియాబుర్జ్ ప్రాంతంలో ఆ మినహాయింపు ఎంత విశాలమైనదో మీకు నేను చెప్పనక్కరలేదు.

పని అని ఎవరూ పేరు పెట్టని పని ఇంకొకటి ఇక్కడి తెలుగు ఇళ్ళలో ఉంది. ఊరి నుంచి పెళ్ళై వచ్చిన తల్లికి తెలుగు తప్ప రాదు. తండ్రి డ్యూటీలో ఉంటాడు. బిడ్డకు బడిలో బెంగాలీ, వీధిలో హిందీ పట్టుబడతాయి. ఇక రేషన్ దుకాణంలో, బ్యాంకులో, ఇంటి యజమాని దగ్గర, ఆసుపత్రిలో ఆ బిడ్డే దుబాసీ. రేషన్ దుకాణంలో మాట చేరవేయడం పిల్లలకు సరదాగానే ఉంటుంది, కొంత గర్వంగా కూడా ఉంటుంది. ఆసుపత్రి సంగతి వేరు. గర్భసంచి తీసివేయాలి అన్న మాటను, గడ్డను పరీక్షకు పంపాలి అన్న మాటను 11 ఏళ్ళ పిల్ల ముందుగా తాను వినాలి. తాను అర్థం చేసుకోవాలి. డాక్టరు ముఖం చూడాలి, అమ్మ ముఖం చూడాలి. అమ్మకు ఎంత చెప్పాలో, ఎంత దాచాలో ఆ అర నిమిషంలో తేల్చుకోవాలి. ఇంటికి వచ్చాక ఆ దాచిన సగాన్ని తానొక్కతే ఉంచుకోవాలి. సంచి మోయడం కంటే, నీళ్ళు పట్టడం కంటే ఇది బరువైన పని అని నా అభిప్రాయం.

రైల్వే కుటుంబాలకు బాగా తెలిసిన మరొక సంగతి కారుణ్య నియామకం. ఉద్యోగి సర్వీసులో ఉండగా మరణిస్తే భార్యకో బిడ్డకో ఉద్యోగం ఇస్తారు. బిడ్డ మైనరైతే మేజరయ్యేదాకా ఆగే వీలు కూడా ఉంది. ఈ ఏర్పాటు ఎన్ని కుటుంబాలను వీధిన పడకుండా కాపాడిందో నాకు తెలుసు, దాన్ని నేను తప్పుపట్టను. అయితే 14 ఏళ్ళ పిల్లవాడు తన 18వ పుట్టినరోజు కోసం ఇల్లంతా ఎదురుచూడటాన్ని రోజూ చూస్తూ పెరుగుతాడు. మా కళాశాలలో డిగ్రీ మొదటి ఏడాదిలో అటువంటి విద్యార్థి ఒకడుండేవాడు. చరిత్ర మీద మక్కువ గలవాడు. "పీజీ దాకా చదువు" అన్నాను. "నాకు ఉద్యోగం ఉంది కదండీ మాస్టారూ" అన్నాడు. ఆ మాటలో సంతోషం లేదు, బాధా లేదు. తనకు ఏమి కావాలి అన్న ప్రశ్న తనకు సంబంధించినది కాదన్నట్టుగా మాట్లాడాడు. నన్ను కలవరపెట్టింది అదే.

తాగి వచ్చే తండ్రి తలుపు కొట్టేదాకా నిద్రపోని పెద్దకూతురి గురించి విడిగా చెప్పను. ఈ సభలో ఆ బిడ్డ తెలియనివారు ఉండరు. పంచశీలలో అయిదవదాన్ని మనం సాధారణంగా తాగేవాడి ఆరోగ్యం, జేబు అన్న లెక్కలోనే చెప్పుకుంటాం. ఆ పిల్ల నిద్రను కూడా ఆ లెక్కలో వేయాలి.

ఇప్పుడు పరిశోధకుల మాట. 1973లో ఇవాన్ బోజోర్మెనీ నాజ్ అనే మనోవైద్యుడు జెరాల్డిన్ స్పార్క్‌తో కలిసి ఒక గ్రంథం రాశాడు. కుటుంబంలో బిడ్డ తల్లిదండ్రుల స్థానంలోకి జరగడాన్ని వారు 'పేరెంటిఫికేషన్' అన్నారు. దీనికి తెలుగులో 'తల్లిదండ్రీకరణ' వంటి మాట కల్పించవచ్చు గాని, నోరు తిరగదు. మనకు 'పెద్దరికం' అనే మంచి మాట ఉండనే ఉంది. చిన్నతనంలో మీదపడిన పెద్దరికం అందాం. తరువాతి పరిశోధకులు ఇందులో రెండు రకాలు గుర్తించారు. ఒకటి చేతి పని: వంట, తమ్ముళ్ళ ఆలనా పాలనా, సంపాదన. రెండవది మనసు పని: అమ్మ ఏడిస్తే ఓదార్చడం, అమ్మానాన్నల తగవు తీర్చడం, అప్పుల రహస్యం మోయడం, ఇంట్లో ఎవరి కోపం ఎప్పుడు లేస్తుందోనని కనిపెట్టుకుని ఉండటం. రెండూ కలిసే ఉంటాయి. కాని ఆందోళనతోనూ, కుంగుబాటుతోనూ ఎక్కువగా ముడిపడి కనిపించేది రెండవదే.

పనే పిల్లలను చెడగొడుతుందా? అలా అనలేం. గ్లెన్ ఎల్డర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1930ల నాటి ఆర్థిక మాంద్యంలో పెరిగిన అమెరికా పిల్లలను గురించి 1974లో ఒక పుస్తకం ప్రచురించాడు. 1920 ప్రాంతంలో పుట్టి, మాంద్యం నాటికి కౌమారంలో ఉన్న ఓక్లాండ్ పిల్లలు ఇంటి పనులు చేశారు, చిన్న ఉద్యోగాలు చేశారు. వారిలో అధికులు పెద్దయ్యాక నిలదొక్కుకున్నారు. 1928, 29లలో పుట్టి అప్పటికి పసివారుగా ఉన్న బర్క్‌లీ పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, అంతకంటే ఎక్కువగా దెబ్బతిన్నారు. కరువు ఒక్కటే, వయసు వేరు. పసివారికి చేయగల పని ఏమీ లేదు, పని పోయిన తండ్రి చిరాకు మాత్రం పూర్తిగా వారి మీద పడింది. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ దశాబ్దాల పాటు గమనించింది. చిక్కుల్లో పుట్టినా చక్కగా ఎదిగినవారిలో చాలామందికి ఇంట్లో చేయవలసిన పని ఉండింది. దానితోపాటు, తమను మనసారా పట్టించుకునే పెద్ద ఒక్కరైనా ఉన్నారు.

కాబట్టి చెల్లెలికి అన్నం పెట్టమన్నందుకు ఎవరూ భయపడనక్కరలేదు. బిడ్డను దెబ్బతీసేది తన వయసుకు మించిన దిగులు. ఆ దిగులును తిరిగి అందుకునే పెద్ద చేయి ఇంట్లో లేకపోవడం. అటువంటి పిల్లలు గోల చేయరు, అందుకే కనబడరు. తలనొప్పి అంటారు, కడుపునొప్పి అంటారు, పరీక్షల్లో ఏమీ తేలదు. ఆటలో ఉండగా ఉన్నట్టుండి ఇల్లు గుర్తొచ్చి లేచిపోతారు. తమకోసం ఏదైనా అడగవలసి వస్తే తప్పు చేసినట్టు తల దించుకుంటారు. పెద్దయ్యాక కూడా విశ్రాంతి తీసుకుంటే అపరాధం చేసినట్టు బాధపడేవారున్నారు. మనం వారిని 'బంగారు బిడ్డ' అంటాం. ఒకసారి బంగారం అనిపించుకున్నాక, "నావల్ల కావడం లేదు" అని చెప్పే దారి ఆ బిడ్డకు మూసుకుపోతుంది.

ఇక దిక్కు అనే మాట. దీఘ నికాయంలోని సిగాలోవాద సుత్తం మీలో చాలామంది విన్నదే. రాజగహంలో ఒక ఉదయం సిగాలకుడనే గృహపతి పుత్రుడు తడి బట్టలతో, తడి జుట్టుతో ఆరు దిక్కులకూ మొక్కుతూ భగవానుడి కంట పడ్డాడు. ఎందుకు మొక్కుతున్నావని అడిగితే, నాన్న చనిపోతూ చెప్పాడన్నాడు. ఆ మొక్కుకు అర్థమేమిటో అతడికి తెలియదు. తండ్రి చివరి మాట గనుక మోస్తున్నాడు. మన ఇళ్ళలో పెద్దదిక్కు అనిపించుకున్న పిల్లవాడు నాకు ఈ సుత్తం చదివినప్పుడల్లా గుర్తొస్తాడు. బుద్ధుడు ఆ మాటను పారేయమనలేదు. దిక్కులంటే మనుషులని చెప్పాడు. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాబిడ్డలు, ఉత్తరం మిత్రులు, కింద పనివారు, పైన శ్రమణ బ్రాహ్మణులు. ప్రతి దిక్కుకూ మనం చేయవలసినవి అయిదు, ఆ దిక్కు మనకు తిరిగి చేయవలసినవి అయిదు, శ్రమణ బ్రాహ్మణులైతే ఆరు. ఒంటి చేత్తో మోసే దిక్కు ఆ సుత్తంలో లేదు.

తల్లిదండ్రుల పట్ల బిడ్డ విధుల్లో మొదటిది, తనను పోషించినవారిని తాను పోషించడం. ఆ వరుస గమనించండి. ముందు పోషణ పొందాలి, తరువాత పోషించాలి. తల్లిదండ్రుల విధుల్లో చివరిది, తగిన కాలంలో వారసత్వం అప్పగించడం. వారసత్వమంటే పొలం, ఇల్లు మాత్రమే అనుకుంటాం. అప్పు కూడా వారసత్వమే, దిగులు కూడా వారసత్వమే. వాటిని 10 ఏళ్ళకే చేతిలో పెడితే అది తగిన కాలం కాదు.

వినయ పిటకంలోని మహావగ్గం మరింత సూటిగా మాట్లాడుతుంది. రాజగహంలో ఉపాలి అనే బాలుడి తల్లిదండ్రులు, మా తరువాత వీడు సుఖంగా ఎలా బతుకుతాడా అని ఆలోచించారు. రాత నేర్పిస్తే వేళ్ళు నొప్పి పెడతాయి, లెక్కలు నేర్పిస్తే గుండె అలుస్తుంది, నాణేల పరీక్ష నేర్పిస్తే కళ్ళు పోతాయి అనుకుని, సంఘంలో చేరిస్తే తిండికి లోటుండదని నిశ్చయించారు. వాడితోపాటు స్నేహితులూ కలిసి పదిహేడు మంది ఉపసంపద పొందారు. తెల్లవారకముందే లేచి గంజి కావాలి, అన్నం కావాలి అని ఏడ్చారు. ఆ చీకట్లో పిల్లల ఏడుపు విన్న బుద్ధుడు విషయం విచారించి, 20 ఏళ్ళు నిండనివారికి ఉపసంపద ఇవ్వరాదని నియమం పెట్టాడు. ఆకలి, చలి, ఎండ, దోమలు, కఠినమైన మాటలు ఆ వయసు ఓర్చలేదన్నది ఆయన చెప్పిన కారణం.

తరువాత 15 ఏళ్ళలోపు పిల్లలకు పబ్బజ్జ కూడా ఇవ్వరాదన్న నియమం వచ్చింది. ఆపైన ఒక రోగం వచ్చి ఆనందుడిని ఆదరించే కుటుంబమంతా పోయి ఇద్దరు పిల్లలు మిగిలారు. అలవాటుగా భిక్ఖువుల వెంట పరుగెత్తుకొచ్చిన ఆ అనాథలను, నియమం ఉంది కదా అని భిక్ఖువులు పొమ్మన్నారు. పిల్లలు ఏడ్చారు. ఆనందుడు భగవానుడికి విన్నవించాడు. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: కాకులను తోలగలరా? తోలగలరన్నాడు. అయితే చేర్చుకోమన్నాడు. కొన్ని వందల ఏళ్ళ చట్టాల చరిత్ర చదివిన నాకు, బిడ్డ శక్తిని కొలవడానికి ఇంతకంటే దయగల కొలమానం కనిపించలేదు. ఆ పిల్లలకు నీడ కావాలి, దానికి బదులుగా అడగదగిన పని కాకులను తోలడం. అంతకు మించి అడగలేదు.

రాహులుడి కథ కూడా అక్కడిదే. తల్లి పంపగా వెళ్ళి తండ్రిని వారసత్వం అడిగిన బాలుడాయన. అప్పటికి 7 ఏళ్ళని సంప్రదాయం. ఇద్దరు పెద్దల నడుమ మాట మోసిన బిడ్డ. ఆ బాలుడికి పబ్బజ్జ ఇచ్చినందుకు శుద్ధోదనుడు దుఃఖపడి కోరితేనే, తల్లిదండ్రుల అనుమతి లేనిదే బిడ్డను చేర్చుకోరాదన్న నియమం ఏర్పడింది. పెద్దవాడు తన దుఃఖాన్ని తన నోటితో, అది వినగలిగినవారి ముందు చెప్పుకున్నాడు.

ఇవి సంఘ ప్రవేశానికి సంబంధించిన నియమాలే గాని గృహస్థులకు చెప్పినవి కావని ఎవరైనా అనవచ్చు. నిజమే. గుడ్డి తల్లిదండ్రులను సాకిన సామ జాతకం కూడా మనదే, సాంచి తోరణ స్తంభం మీద దాన్ని చెక్కి మరీ కీర్తించాం. జాతకం బిడ్డ త్యాగాన్ని మెచ్చుకుంటుంది, వినయం బిడ్డ ఓపికకు హద్దు గీస్తుంది. ఇళ్ళ విషయంలో నేను వినయం పక్షాన ఉంటాను.

బాబాసాహెబ్ బాల్యాన్ని మనం ఎలా చెబుతున్నామో కూడా ఒకసారి ఆలోచించాలి. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాశారు. తల్లి లేదు, తండ్రి గోరేగావ్‌లో ఉద్యోగం, సతారాలో మేనత్త దగ్గర నలుగురు పిల్లలు. ఆ మేనత్త దయామయురాలే గాని కాళ్ళ బాధతో లేవలేని మనిషి. పిల్లలే బడికి వెళ్ళేవారు, పిల్లలే వండుకునేవారు. రొట్టెలు చేయడం రాక, బియ్యం మాంసం కలిపి పులావ్ వండుకునేవారు, అదే అన్నిటికంటే తేలిక గనుక. ఇంకొక ఘట్టం ధనంజయ్ కీర్ రాసిన జీవిత చరిత్రలో ఉంది. బొంబాయి మిల్లులో చేరి తన కాళ్ళ మీద తాను నిలబడాలని, దారి ఖర్చుకు మేనత్త మొలలోని సంచి కోసం బాల భీమ్ కొన్ని రాత్రులు ప్రయత్నించాడు. దొరికిన సంచిలో ఉన్నది అర్ధణా. అప్పుడు ఆ ఆలోచన మాని చదువు మీద పడ్డాడు.

దీన్ని మనం వేదికల మీద, కష్టాలే మహనీయులను తయారుచేస్తాయి అనడానికి వాడుకుంటాం. నేను ఒప్పుకోను. ఆ కథలో మరొకరున్నారు, రామ్‌జీ సక్పాల్. భీమ్‌కు పుస్తకాలు కావలసివస్తే ఆ తండ్రి పెళ్ళైన కూతుళ్ళ ఇళ్ళకు వెళ్ళి చేయి చాచేవాడు, వారి నగ తెచ్చి తాకట్టు పెట్టేవాడు. అప్పుకు తానే వెళ్ళాడు, బిడ్డను పంపలేదు. వంట పిల్లలు చేశారు. దిగులు తండ్రి పడ్డాడు. అందరు పిల్లలకూ రామ్‌జీ దొరకడు. మిల్లుకు వెళ్ళిపోయిన పిల్లల జీవిత చరిత్రలు ఎవరూ రాయలేదు.

మరి మనం చేయగలిగినది ఏమిటి? మన సంఘంలో మరణం సంభవించినప్పుడు పరిత్త పఠనానికి వెళతాం. ఆ బిడ్డతో పెద్దదిక్కు మాట అనకుండా ఉండగలం, వేరొకరు అంటుంటే మృదువుగా ఆపగలం. తల్లికి ధైర్యం చెప్పే పని బిడ్డకు వదలక ఉపాసికలు పంచుకోగలరు. తల్లులకు నా మనవి: మీ కష్టం బిడ్డకు తెలియకూడదని కాదు, తెలియకుండా ఉండదు. కష్టం చెప్పినప్పుడు, "దీన్ని నేను చూసుకుంటాను, ఇది నీ పని కాదు" అన్న మాట కూడా చేర్చండి. మీకే భారమైతే, ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416లో తెలుగులో మాట్లాడేవారు ఉన్నారు, బెంగాలీలోనూ ఉన్నారు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది. ఆ రెండు నంబర్లు ఈ హాలు గోడ మీద రాయించమని కోరుతున్నాను.

అన్నిటికంటే ముందు జరగవలసినది ఆసుపత్రి పని. ఈ సభలో రైల్వే నుంచి పదవీ విరమణ చేసిన పెద్దలు, బెంగాలీ ధారాళంగా మాట్లాడేవారు కనీసం ఇరవై మంది కనిపిస్తున్నారు. చదువుకున్న అక్కచెల్లెళ్ళూ ఉన్నారు. తెలుగు తప్ప రాని తల్లి ఆసుపత్రికి వెళ్ళవలసిన రోజున బడి మాన్పించి బిడ్డను తీసుకుపోనక్కరలేకుండా, తోడు వెళ్ళేవారి పేర్లు, ఫోన్ నంబర్లు, ఏ రోజు వీలో ఒక పుస్తకంలో రాసి విహారంలో ఉంచితే చాలు. స్త్రీల జబ్బులకు స్త్రీలే వెళ్ళేలా చూడాలి. కార్యదర్శి గారితో ఇందాకే మాట్లాడాను. భోజనాల తరువాత ఆ బల్ల దగ్గర పుస్తకం ఉంటుంది.